విడాకుల పిటిషన్‌లో లేని మూడో మనిషి

కరోనా సద్దుమణిగాక వచ్చిన వేసవిలో నన్ను హైదరాబాదులోని ఒక కుటుంబ న్యాయస్థానానికి కౌన్సెలర్‌గా వేశారు. నా ఉద్యోగంలో అదే చివరి పోస్టింగు. కౌన్సెలర్ వకీలు కాదు, జడ్జి అంతకన్నా కాదు. విడాకులు కోరి వచ్చినవాళ్లతో వకీళ్లు లేకుండా, తలుపు దగ్గరగా వేసి మాట్లాడి, మళ్లీ కలిసే అవకాశం ఉందో లేదో జడ్జిగారికి క్లుప్తంగా రాసి ఇవ్వడం మా పని. ఆ గదిలో చెప్పినవి సాక్ష్యం కిందకు రావు. ఒకరు చెప్పిన మాట వారి అనుమతి లేకుండా రెండోవారి చెవిన వేయకూడదు. అందుకే ఇక్కడ పేర్లూ, గుర్తుపట్టే వివరాలూ మార్చాను.

ఆ ఏడాది నా దగ్గరకు వచ్చిన ఫైళ్లలో శ్రీధర్, మాధవిలది ఒకటి. ఇద్దరూ నలభై దాటినవాళ్లే. పిల్లలు లేరు. అతను సినిమాల్లో కో-డైరెక్టర్, అంటే సెట్‌లో దర్శకుడి తర్వాత పనంతా నడిపించే మనిషి. నెలలో సగానికిపైగా అవుట్‌డోర్‌లోనే ఉంటాడు. ఆమె కాస్ట్యూమ్స్ డిజైన్ చేసేది. కాపురం ఫిల్మ్‌నగర్‌లో, గుట్ట మీది అపార్ట్‌మెంట్‌లో.

వాళ్లు వేసింది పరస్పర అంగీకార పిటిషన్. దీనికి కనీసం ఏడాది విడిగా ఉండాలి. విడిగా అంటే వేరే వేరే ఇళ్లలో అనే కాదు. ఒకే కప్పు కింద ఉన్నా భార్యాభర్తలుగా మెలగకపోతే అది విడిగా ఉన్నట్టే. పిటిషన్ వేశాక ఆరు నెలలు ఆగి, ఇద్దరూ మళ్లీ కోర్టుకు వచ్చి అదే మాట చెప్పాలి. తగిన కారణం ఉంటే ఆ గడువును కోర్టు మినహాయించవచ్చు. డిక్రీ వచ్చేలోపు ఎవరైనా మనసు మార్చుకోవచ్చు.

మొదటి సిట్టింగ్‌లో ఇద్దరూ మర్యాదగా కూర్చున్నారు. ఒకరి మాటకు ఇంకొకరు అడ్డు రాలేదు. గొడవేమిటని మాధవిని అడిగాను. "గొడవలేం లేవు మేడమ్. గొడవపడటం కూడా మానేశాం" అంది. ఫ్లాట్ అతనికి, ఆమె నడిపే కుట్టు యూనిట్ ఆమెకు అని ముందే రాసుకున్నారు. ఆమె శ్రీనగర్ కాలనీలో ఇల్లు చూసుకుని, యూనిట్ కూడా అక్కడికే మార్చుకుంది. కలిసే అవకాశం లేదని రాసి పంపాను. నా దృష్టిలో అది చిక్కుల్లేని కేసు.

రెండో వాయిదా దగ్గర పడుతుండగా ఒకరోజు అటెండర్ యాదమ్మ లోపలికి వచ్చింది. "మేడం, ఒక పెద్దమ్మ పొద్దుగాల్నించి కూసున్నది. కేసు నంబర్ అడిగితే లేదంటది. గట్లనే కూసోబెట్టాల్నా, పంపియ్యాల్నా?" అంది. లోపలికి రమ్మన్నాను.

వచ్చినావిడ శ్రీధర్ తల్లి వరలక్ష్మమ్మగారు. డెబ్బై దాటి ఉంటాయి. ఫిల్మ్‌నగర్ నుంచి ఒక్కరే ఆటోలో వచ్చారట. కుర్చీ అంచున కూర్చుని, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, తిన్నగా విషయానికి వచ్చారు.

"ఆ కాగితాల్లో నన్ను ఎవరి వైపు రాశారమ్మా?"

నేను ఫైలు తెరవలేదు. అవసరం లేదు. ఆవిడ పేరు అందులో ఎక్కడా లేదని నాకు తెలుసు.

ఆవిడకు పిటిషన్ సంగతి ఎవరూ చెప్పలేదు. కొడుకు గెడ్డం గీసుకుంటూ వకీలుతో స్పీకర్‌లో మాట్లాడుతుంటే విన్నారు. తెనాలి నుంచి వచ్చి కొడుకింట్లో చాలా ఏళ్లుగా ఉంటున్నారు. కొడుకు షూటింగుల్లో ఉంటే అత్తాకోడళ్లే ఇంట్లో ఎదురెదురుగా కూర్చుని బ్లౌజులకు పూసలు కుట్టేవారు. తర్వాత దంపతుల మధ్య మాటలు ఆగిపోయాయి. అన్నం తిన్నాడా, ఊరెప్పుడు వెళ్తున్నాడు, కరెంటు బిల్లు ఎవరు కట్టారు, అన్నీ ఈవిడ ద్వారానే. "ఇద్దరి మాటలూ నేనే మోశానమ్మా. అమ్మాయి సామాను సర్దుకుని వెళ్లాక, మోయడానికి ఇంట్లో మాటే లేదు" అన్నారు.

చట్టం ఎలా ఉందో చెప్పాను. విడాకులు ఇద్దరి మధ్య విషయం. మూడో మనిషి కక్షిదారు కాదు. పిల్లలనైతే ఎవరి దగ్గర ఉంచాలో కోర్టు చెబుతుంది గానీ, పెద్దవాళ్లను ఎవరికీ అప్పగించదు. తల్లిని చూసుకోవాల్సిన బాధ్యత కొడుకుది. విడాకులయ్యాక కోడలికి ఆ బాధ్యత ఉండదు. అలాగని ఎవరి దగ్గర ఉండాలో నిర్ణయించుకునే హక్కు ఆవిడకు లేకపోలేదు. అంతా శ్రద్ధగా విన్నారు. "అంటే నన్ను అడిగేవాళ్లు లేరన్నమాట" అన్నారు.

ప్రిన్సిపల్ కౌన్సెలర్ అనుమతి తీసుకుని, ముగ్గురినీ ఒకే రోజు పిలిచాను. ఇలాంటి సిట్టింగ్ నా అనుభవంలో అదే మొదటిది.

శ్రీధర్ ఇబ్బందిపడ్డాడు. "అమ్మ నా దగ్గరే ఉంటుంది మేడమ్. ఇందులో మాట్లాడటానికేముంది?" అన్నాడు. నువ్వు ఇంట్లో ఎన్నాళ్లుంటావు బాబూ అని నేను అడిగితే ఫోన్‌లో షూటింగ్ తేదీలు వెతకడం మొదలుపెట్టాడు. మాధవి మాత్రం ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు మాట్లాడింది. "అత్తయ్య వస్తానంటే ఈ పూటే తీసుకెళ్తాను. నా అంతట నేను రమ్మంటే కొడుకుని కాదని తల్లిని ఎత్తుకుపోయానంటారు. అందుకే ఆగాను."

అందరం వరలక్ష్మమ్మగారి వైపు చూశాం. ఆవిడ కోడలి వైపు చూడకుండా, "నేను మా అబ్బాయి దగ్గరే ఉంటానండీ" అన్నారు.

మాధవి ముఖం పాలిపోయింది. సరే అత్తయ్యా అని లేచి, బ్యాగు తీసుకుని బయటికి వెళ్లిపోయింది. శ్రీధర్‌కు ఫోన్ వస్తే అతనూ వరండాలోకి వెళ్లాడు.

గదిలో ఇద్దరమే మిగిలాం. నిజంగా అదే మీ ఇష్టమా అని అడిగాను.

"ఆ పిల్లకి నలభై రెండేళ్లు. రేపు ఎవరైనా మంచివాడు వచ్చి చేసుకుంటానంటే, గుమ్మంలో పాత అత్తగారు కూర్చుని పూసలు కుడుతుంటే ఎవడు చేసుకుంటాడమ్మా? నేను వెళ్తే అది నన్ను పొమ్మనదు. అందుకే వెళ్లను."

ఈ మాట మాధవికి చెప్పమంటారా అన్నాను. వద్దన్నారు. చెబితే వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకుపోతుందన్నారు. రహస్యం పాటించే నియమం గురించి ఎందరికో చెప్పాను గానీ, అది ఇంత బరువుగా ఉంటుందని నాకు ఆరోజే తెలిసింది.

రెండో వాయిదాలో డిక్రీ వచ్చింది. మాధవి ఎప్పుడైనా వచ్చి అత్తగారిని చూడవచ్చన్న ఒక్క వాక్యం ఒప్పందంలో చేర్పించగలిగాను. శ్రీధర్ అభ్యంతరం చెప్పలేదు.

రిటైరయ్యాక షేక్‌పేటలో పనిపడి అటువైపు వెళ్లినప్పుడు ఆవిడను చూసి వచ్చాను. శ్రీధర్ రాజమండ్రి షెడ్యూల్‌లో ఉన్నాడు. హాల్లో టీవీ నడుస్తోంది, శబ్దం లేదు. ఎందుకలా అంటే, ఎవరైనా తలుపు కొడితే వినపడాలి కదా అన్నారు. మాధవి మొదట్లో రెండుసార్లు వచ్చిందట. కొడుకు దగ్గరే ఉంటానన్న మనిషి ఇంటికి మాటిమాటికీ రావడం ఆమెకూ కష్టంగా ఉండి ఉంటుంది. ఫోన్లు కూడా తగ్గాయి. నాకు కాఫీ ఇచ్చి, తను తాగకుండా ఎదురుగా కూర్చుని అడిగారు.

"ఆ పిల్ల పెళ్లి చేసుకుందా అమ్మా?"

నాకు తెలియదన్నాను. నిజంగానే తెలియదు.

ఇప్పుడు నన్ను సలహా అడిగే దంపతులకు ఒక మాట చెబుతుంటాను. ఆస్తులు, పాత్రలు, బీరువాలు పంచుకునేముందు, ఇంట్లో మీతోపాటు ఇంకెవరు బతుకుతున్నారో వాళ్లను కూర్చోబెట్టి అడగండి. ఇద్దరి ఎదుటా ఒకసారి, విడిగా ఒకసారి అడగండి. రాకపోకల సంగతి ఒప్పందంలో రాయించండి. కోర్టు పిటిషన్‌లో ఉన్నవాళ్లనే అడుగుతుంది. మిగిలినవాళ్లను అడగాల్సింది మీరే. అడిగాక కూడా, విన్న జవాబే అసలు జవాబని అనుకోకండి.