ఇవ్వని సామానుకు గడి లేదు

మా కర్మాగారంలో పనిచేసి రిటైరైన వాళ్లం నెలకొకసారి సైదాబాద్‌లోని ఒక ఛాయ్ హోటల్లో కలుస్తాం. కంప్యూటర్ సిస్టమ్ వచ్చాక స్టోర్సుకు విలువ పోయిందనీ, మన కాలంలో రిజిస్టర్లు ఎంతో పద్ధతిగా ఉండేవనీ ప్రతిసారీ ఎవరో ఒకరు మొదలుపెడతారు. మిగిలినవారు తలలూపుతారు. పోయిన నెల ఒకాయన నన్ను చూపించి, "అన్న రిజిస్టర్ల ఒక్క కొట్టివేత చూపియ్యుండ్రి, మీకందరికీ బిర్యానీ తినిపిస్త" అన్నాడు. అందరూ నవ్వారు. నేను కప్పు బల్ల మీద పెట్టి బయటికి వచ్చేశాను.

ఆయన అన్నది పొగడ్తే. కాని కొట్టివేత లేని ఆ రిజిస్టరే ఒక మనిషిని అరవై ఏడు రోజులు ఇంట్లో కూర్చోబెట్టింది. ఆ సంగతి తెలిసి కూడా రిజిస్టర్ల వైభవం గురించి మాట్లాడేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

కర్మాగారం పేరు చెప్పను. పాతబస్తీ అంచున ఉండేది, ఇనుము కరిగించి అచ్చుల్లో పోసి పోతలు తీసేది. నేను ముప్పై ఒక్క ఏళ్లు అక్కడి పెద్ద స్టోర్సులో పనిచేశాను, చివరి తొమ్మిదేళ్లు ఇన్‌చార్జిగా. ఇది ఆ చివరి సంవత్సరపు సంగతి.

ఫిబ్రవరి నాలుగున, ఉదయం షిఫ్టు మొదలైన గంటకు, మూడో నంబరు క్రేన్ నడిపే ఆపరేటర్ నా కౌంటర్‌కు వచ్చాడు. సామాను కావాలని అడిగే ఇండెంటు చీటీని మామూలుగా ఫిట్టర్లు తెస్తారు; ఆ రోజు తనే పట్టుకొచ్చాడు. దాని మీద మెయింటెనెన్స్ ఫోర్‌మన్ సంతకం ఉంది. అడిగింది బ్రేకు లైనర్లు, అంటే బ్రేకులో అరిగిపోయే పట్టీలు, రెండు.

"బరువు లేపి ఆపితే గాలిల నిలుస్తలేదు సార్. గింత జారుతది" అని చేత్తో జానెడు చూపించాడు. "కింద మనుషులు తిరుగుతరు."

నేను ఆ సామాను నిల్వ కార్డు తీసి చూశాను. నిల్వ సున్నా. చీటీ మీద 'నిల్వ లేదు' అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి ఇచ్చాను.

"మీ కాడ లేకుంటే ఎవరి కాడుంటయో చెప్పరాదుండ్రి."

"నాకేం తెలుసు? ఫోర్‌మన్‌కు ఇయ్యి పో."

ఆయన వెళ్లిపోయాడు. ఆ రోజు నేను రాసినదాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు.

ఫిబ్రవరి ఇరవై ఒకటిన ఆ క్రేన్ ఎత్తిన రెండు టన్నుల పోత జారి కింద ఉన్న ట్రాలీ మీద పడింది. అక్కడివాళ్లు అప్పుడే ఛాయ్‌కి వెళ్లడం వల్ల ఎవరికీ దెబ్బ తగల్లేదు. మధ్యాహ్నానికల్లా ఆపరేటర్‌ను సస్పెండ్ చేశారు. బ్రేకు అరిగిందని తెలిసి కూడా పైవారికి తెలియజేయలేదన్నది అభియోగం. రుజువైతే ఇరవై రెండేళ్ల ఉద్యోగం పోతుంది.

తాను చీటీ పట్టుకుని స్టోర్సుకు వెళ్లానని ఆయన విచారణలో చెప్పాడు. ఫోర్‌మన్ తన ఫైలు తెచ్చి, అలాంటి చీటీ ఏదీ లేదన్నాడు. నిజంగానే లేదు. మా దగ్గర పద్ధతి అది. సామాను ఇస్తే చీటీ నా దగ్గరే ఉండి రిజిస్టర్లోకి ఎక్కుతుంది. ఇవ్వకపోతే వచ్చిన దారినే తిరిగి వెళుతుంది. ఇక ఎందుకూ పనికిరాదని సెక్షన్లో చెత్తబుట్టలో వేస్తారు. రిజిస్టర్లో ఇచ్చిన తేదీకి గడి ఉంది, ఇచ్చిన సంఖ్యకు గడి ఉంది, పుచ్చుకున్నవారి సంతకానికి గడి ఉంది. అడిగినా ఇవ్వని సామానుకు గడి లేదు. ముప్పై ఒక్క ఏళ్లు ఆ పుటల మీద గీతలు గీసినవాడిని, ఆ లోటు నా కంటికి ఒక్కనాడూ కనబడలేదు.

విచారణాధికారి నన్ను సాక్షిగా పిలిచాడు. "ఫిబ్రవరి నాలుగున ఈయన ఇండెంటు తెచ్చినట్టు మీ రిజిస్టర్లో ఉందా?"

"లేదు" అన్నాను.

"సరే, మీరు వెళ్లవచ్చు."

మూలన కుర్చీలో కూర్చున్న ఆపరేటర్ నా ముఖంలోకే చూస్తున్నాడు. ఆయన రావడం నాకు గుర్తుంది. జానెడు చూపించిన చెయ్యి కూడా గుర్తుంది. జ్ఞాపకం మీద తేదీ ముద్ర ఉండదు, రాతలో లేనిది చెప్పడం నా పని కాదు అనుకుని బయటికి నడిచాను.

మార్చి మొదటి వారంలో సిస్టమ్ పని స్టోర్సు దాకా వచ్చింది. కొనుగోలు, స్టోర్సు, మెయింటెనెన్స్, ఉత్పత్తి, జీతాలు అన్నింటినీ ఒకే సాఫ్ట్‌వేర్‌లోకి తేవాలని పైవారి నిర్ణయం. మాకు ఏడు స్టోర్లు ఉండేవి. ఒకే బోల్టుకు ఏడు చోట్ల ఏడు నంబర్లు. ఒకరి జాబితా ఇంకొకరు చూడరు, అడగరు, అడగడం చిన్నతనమనుకునేవాళ్లం. ఆ జాబితాలన్నీ కలిపే బాధ్యత ఒక యువ ఇంజినీరుది. ఆమె మొదట వచ్చినప్పుడు నేను కూర్చోమని కూడా అనలేదు.

రెండు వారాల తర్వాత ఆమె కంప్యూటర్ నా వైపు తిప్పింది. "సార్, ఈ బ్రేకు లైనర్ మీ లిస్టులో నిల్. ప్రాజెక్టు షెడ్డు స్టోర్సు లిస్టులో నాలుగున్నాయి. నంబర్లే వేరు, కంపెనీ, సైజు అన్నీ మ్యాచ్ అవుతున్నాయి."

"ఎప్పటి నుంచి ఉన్నయమ్మా?"

"పోయిన ఆగస్టు నుంచి సార్."

నా కౌంటర్ నుంచి ఆ షెడ్డుకు రెండు వందల పన్నెండు అడుగులు. ఆ రోజు నడుస్తూ లెక్కపెట్టాను.

షెడ్డు స్టోర్‌కీపర్ నా మిత్రుడు. పదిహేనేళ్లుగా మధ్యాహ్నం డబ్బాలు విప్పుకుని కలిసి తినేవాళ్లం. అన్నేళ్లలో ఆయన అరల్లో ఏముందో నేను అడగలేదు, నా అరల్లో ఏముందో ఆయన అడగలేదు.

"గవి కొత్త క్రేన్ బిగించినప్పుడు మిగిలినయి. ప్రాజెక్టు మాల్ భాయ్, బయటికియ్యం" అన్నాడు.

"ఫిబ్రవరి నాలుగున ఎవరన్న అడిగిన్రా?"

"అడిగిన్రు. ఫోర్‌మన్ మనిషిని తోలిండు. ఇయ్యనని రాసిన, చీటీ నా కాడనే పడున్నది. ఏంది, గిప్పుడు లొల్లి?"

ఆయన బల్ల మీద ఇనుప ఊచకు గుచ్చిన కాగితాలు మూరెడు ఎత్తున ఉన్నాయి. ఏ కాగితాన్నీ పారెయ్యడు. ఒక్కొక్కటీ తీసి చూశాను. చీటీ దొరికింది. ఫోర్‌మన్ సంతకం, దాని కింద నా 'నిల్వ లేదు', దాని కింద ఆయన 'ఇతర విభాగాలకు ఇవ్వబడదు'. మూడు సంతకాలు, ఒకే తేదీ. ప్రమాదానికి పదిహేడు రోజుల ముందు.

"ఇది విచారణకు ఇస్తున్న."

"ఇస్తే నా నెత్తికి చుట్టుకుంటది. నీ నెత్తికి గూడ."

"చుట్టుకోనీ."

"మస్తు నీతిమంతునివైనవ్" అన్నాడు. "నువ్వు లేదని రాసి చేతులు దులుపుకున్నవ్. నేనన్న ఉన్నయని ఒప్పుకుంటున్న."

నేను చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాను. మరునాటి నుంచి ఆయన డబ్బా వేరే బల్ల మీద విప్పుకున్నాడు.

చీటీకి రెండు పుటల వాంగ్మూలం జతచేసి, నా మీద కూడా చర్య తీసుకోవాలని రాసి ఇచ్చాను. ఏప్రిల్ ఇరవై తొమ్మిదిన ఉత్తర్వు వచ్చింది. అభియోగం ఉపసంహరించారు. జరిగినదాన్ని 'వ్యవస్థాపరమైన లోపం'గా పరిగణించారట. నా పేరు లేదు, ఫోర్‌మన్ పేరు లేదు, షెడ్డు పేరు లేదు. ముగ్గురం సంతకాలు పెట్టి మరీ చేసిన పనికి ఆ ఉత్తర్వులో కర్త లేడు. దాన్ని చదివి నేను బల్ల మీద గుద్దితే ఇంకుప్యాడు కింద పడింది.

మరునాడు ఉదయం ఆపరేటర్ నా కౌంటర్‌కు వచ్చాడు.

"డ్యూటీకి రమ్మన్నరు సార్. మా గల్లీల ఏమనుకున్నరో తెలుసా? తాగి నడిపిండన్నరు."

నేను తల వంచుకున్నాను.

"ఒక్కటి అడుగుత. ఆ దినం రూముల, నేను మీ కాడికొచ్చింది మీకు యాదికి లేకుండెనా?"

"ఉండె."

"మరి?"

"రిజిస్టర్ల ఉందా అని అడిగిన్రు. లేదని చెప్పిన."

"నేను గాడనే కూసున్న గద సార్" అన్నాడు. గొంతు పెంచలేదు. సైరన్ మోగితే క్రేన్ వైపు వెళ్లిపోయాడు.

జూన్‌లో ఏడు స్టోర్లూ ఒకే తెర మీదికి వచ్చాయి. ఇప్పుడు అడిగినది దొరికినా దొరకకపోయినా, అడిగిన గంట, అడిగినవారి పేరు అందులో నిలిచి ఉంటాయి. లేదు అనాలంటే ఎందుకు లేదో రాయాలి, రాసినవారి పేరు పక్కనే పడుతుంది. ఒక స్టోర్సులో లేనిది ఇంకొకదానిలో ఉంటే తెరే చూపిస్తుంది. బ్రేకు సామాను అడిగితే ఆ సంగతి షిఫ్టు అధికారికి కూడా అప్పుడే చేరుతుంది. మాలో ఎవరి మంచితనంతోనూ, ఎవరి స్నేహంతోనూ దానికి పని లేదు. వేలమంది పనిచేసే చోట ఇది ఉండవలసిన కనీసపు ఏర్పాటు. అది లేకుండా నడిపిన మేము ఇవాళ ఛాయ్ తాగుతూ దానిని తిడుతున్నాం.

డిసెంబరులో నేను రిటైరయ్యేలోగా మూడో నంబరు క్రేన్ నుంచి పదకొండు ఇండెంట్లు తెర మీద వచ్చాయి. పదకొండింటికీ ఆ రోజుకారోజే సామాను పంపాను. ఆ ఆపరేటర్ మాత్రం నా కౌంటర్‌కు మళ్లీ రాలేదు.