పలక తుడిచే అలవాటు

2004. కంబదూరు దగ్గర ఒక స్వచ్ఛంద సంస్థ ఆఫీసులో నేను కంప్యూటర్ ముందు కూర్చోబట్టి మూడు నెలలు. అంతకుముందు అదే ఆఫీసు ఊడ్చేదాన్ని. నలభై ఏళ్లు దాటాక పలక పట్టి తెలుగు, తర్వాత ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకున్నాను.

మాది కమాండ్ లైన్ మీద పని. అంటే మౌస్, బొమ్మలు ఉండవు. నల్లతెర మీద కావలసిన పనిని ఒక వరుసగా టైపు చేసి ఎంటర్ కొట్టాలి.

ముందు రోజు వాన పడింది. నేల పదును, అంటే తడి, ఆరకముందే విత్తాలి. విత్తనపు శనక్కాయల లారీ వచ్చి వాకిట్లో నిలబడింది. పదకొండు ఊళ్ల రైతుల జాబితాలు నేను అచ్చు తీసివ్వాలి. జాబితా లేని ఊరికి విత్తనం లేదు. మధ్యాహ్నానికి లారీ వేరే మండలానికి పోవాలి. ఆపరేటర్ సుధాకర్ ఆ రోజు సెలవు.

ఒక్కో ఊరికి నలభై అక్షరాల వరుస. ఒక్క అక్షరం తప్పినా మొత్తం చెరిపి మొదటినుంచి కొట్టేదాన్ని. తప్పు పడితే పలకంతా తుడవడమే నాకు తెలుసు. మూడు ఊళ్లకే గంట దాటింది.

జాబితా కోసం వచ్చిన రైతు తిమ్మక్క నా వెనకే నిలబడింది.

"ఏమక్కా, టైపు కొడతాండావా, శనక్కాయలు ఒలుస్తాండావా?"

"తొందరపెట్టద్దు తిమ్మక్కా, తప్పు పడతాది."

"మా ఊరు ఆఖర్న ఉండాది. పదును ఆరినంక ఇస్తే ఆ ఇత్తనం ఏంచుకోని తినల్లా?"

నేను మళ్లీ చెరిపాను. ఆమె తెర మీదికి వంగింది.

"నాకు చదువు రాదు గానీ, పై వరసా కింది వరసా ఒకటే మాదిరి ఉండాయి. కొస మాత్రం వేరే. ఉండేదాన్నే మళ్లా మళ్లా ఎందుకు కొడతాండావు?"

నా చేతులు ఆగాయి. సుధాకర్ చెప్పిన షార్ట్‌కట్లు, అంటే పని తగ్గించే మీటలు, గుర్తొచ్చాయి. అవి బాగా చదువుకున్నవాళ్లకని ఇన్నాళ్లూ ముట్టలేదు.

పై బాణం నొక్కాను. ఇందాక కొట్టిన వరుస మళ్లీ వచ్చింది. కంట్రోల్, డబ్ల్యూ కలిపి నొక్కితే చివరి మాట ఒక్కటే చెరిగింది. కొత్త ఊరి పేరులో మూడక్షరాలు కొట్టి ట్యాబ్ నొక్కితే మిగతా పేరు దానంతటదే వచ్చింది. ఎంటర్ కొట్టాను. ప్రింటర్ గరగరలాడింది.

"ఓయమ్మ! ఇంత సుళువా?"

"నాకూ ఇప్పుడే తెలిసింది, ఉండు."

డ్రైవర్ రెండోసారి హారన్ కొట్టేసరికి పదకొండో జాబితా చింపి తిమ్మక్క చేతిలో పెట్టాను. "మొలక లేసినంక చూడను రాక్కా" అని లారీ వైపు పరిగెత్తింది.

ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకు మీటలు చూపించేముందు, తెర మీద రెండు వరుసలు పెట్టి ఏది మారిందో చెప్పమంటాను. మారినదాన్ని మాత్రమే తుడవాలని నాకు నేర్పింది అక్షరం రాని తిమ్మక్క.