చావింట్లో వేళాకోళం

టిసావుకేకి నోటి దురుసు పుట్టుకతో వచ్చింది, నర్సు ఉద్యోగం తర్వాత వచ్చింది. జాంబియా తూర్పు కొసన చిపాటాలో ఇరవయ్యేళ్ళుగా సూదులు వేస్తూ, ఏడ్చే పిల్లల్నీ వాళ్ళకన్నా ముందే ఏడ్చే తండ్రుల్నీ తిట్టిపోస్తోంది. ఆమె ఎంగోని తెగ మనిషి. ఎంగోనిలకూ బెంబా తెగవాళ్ళకూ బావామరదళ్ళ వరస. చావింట్లో కూడా ఒకరినొకరు ఆటపట్టించుకోవచ్చు, కోపం తెచ్చుకున్నవాడిదే తప్పు.

బెంబా మేస్త్రీ కపెంబ్వా భార్య గర్భాశయ క్యాన్సర్‌తో పోయింది. ఆ క్యాన్సర్ రాకుండా కిందటి నెల బడిలో ఆడపిల్లలకు టీకా వేస్తే, గొడ్రాలవుతుందని అతను పద్నాలుగేళ్ళ కూతురు మ్వాపెను ఇంట్లో దాచాడు.

టిసావుకే వచ్చి శవపేటిక పక్కనే చతికిలబడింది.

"కోతుల్ని తినే బావా, వడ్రంగి వెళ్ళిపోయాడా? నీ కూతురి కొలతలు కూడా ఇచ్చెయ్యకపోయావా, ఒక్కసారే పనైపోయేది."

ఏడుస్తున్న ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. కపెంబ్వా పళ్ళు నూరాడు. వరస అడ్డొచ్చి నోరెత్తలేకపోయాడు.

"పిల్ల గొడ్రాలవుతుందన్నావుట. పెళ్ళీడుదాకా బతికితే గదయ్యా ఆ సంగతి తేలేది."

నవ్వులు ఆగిపోయాయి.

సోమవారం పొద్దున్నే అతను టీకా కోసం కూతుర్ని ఆసుపత్రికి వెంటబెట్టుకొచ్చాడు. "ఎలకల్ని తినే మరదలా, మెల్లగా గుచ్చు," అన్నాడు.

మ్వాపె కిక్కురుమనలేదు. ఏడ్చింది తండ్రే. టిసావుకే అతన్ని మాత్రం తిట్టలేదు.