పెండ్లిపాట మధ్యలో నిద్రపోయిన దేవవ్వ

బోధన్ చుట్టుపక్కల పెండ్లి కుదిరితే ఆడపెళ్లివారు వంటవాళ్లకంటే ముందు దేవవ్వను మాట్లాడుకునేవారు. వియ్యాలవారిని ఆటపట్టించే పాటల్లో ఆమెకు ఎదురులేదు. ఆమె గొంతెత్తితే పెళ్లికొడుకు మేనమామలు విస్తరి ముందు నుంచి లేచిపోయేవారు.

అలాంటి మనిషి నలభై దాటాక నెమ్మదించింది. మొహం ఉబ్బింది, జుట్టు రాలింది, గొంతు బొంగురుపోయింది. రోహిణి ఎండల్లోనూ గొంగడి కప్పుకునేది. చెరకు బండి తోలే భర్త రాజనర్సు, ఇంట్లో తిట్లు తగ్గాయని మొదట్లో లోలోపల సంతోషించాడు కూడా.

1978లో రెంజల్‌లో ఒక పెండ్లి. దేవవ్వ పాట ఎత్తుకోగానే, "ఎవడా మొగోడు?" అని మగపెళ్లివారు వెనక్కి తిరిగి చూశారు. రెండో చరణానికి ఆమె గోడకు ఆనుకుంది. మూడో చరణం రాలేదు, గురక వచ్చింది. అవతలివారు ఈలలు వేశారు. మెలకువ వచ్చాక కూడా ఆమె వాళ్లను ఒక్క మాట అనలేదు. రాజనర్సుకు అప్పుడు భయం వేసింది.

"తిట్టవే," అన్నాడు. "ఆళ్లను కాకుంటె నన్నన్న తిట్టు."

"శాతనైతలేదు," అంది దేవవ్వ కన్నీళ్లు పెట్టుకుని.

మర్నాడే నిజామాబాద్ తీసుకుపోయాడు. మాసూమా డాక్టరమ్మ మెడ తడిమి చూసింది. మడమ వెనక చిన్న సుత్తితో తట్టింది. పాదం చటుక్కున కదిలింది గాని, మళ్లీ యథాస్థానానికి తీరిగ్గా వచ్చింది. నెత్తురు తీసి హైదరాబాదుకు పంపారు.

ఫలితాలు వచ్చాయి.

"గీ టీఎస్‌హెచ్ అన్నది శాన ఎక్కువొచ్చిందట గదా," అన్నాడు రాజనర్సు, బిడ్డ పరీక్ష పాసైనంత సంబరంగా.

"గదే తక్లీఫ్," అంది డాక్టరమ్మ. "మెడల ఉన్న థైరాయిడ్ గ్రంథి పని చేస్తలేదు. గందుకే మెదడు కింద ఉన్న ఇంకో గ్రంథి, చెయ్యి చెయ్యి అని మొత్తుకుంటున్నది. గా మొత్తుకునుడే టీఎస్‌హెచ్. గీ కాయితంల ఇంకో లెక్క టీ-ఫోర్. గదంటె థైరాయిడ్ తయారు చేసే సరుకు. గది అడుగంటింది."

"నాకెవలన్న చేతబడి చేసిండ్రా అమ్మా?" అడిగింది దేవవ్వ.

"ఎవరు చెయ్యలే. రోగాలతోని కొట్లాడే నీ ఒంటి బలమే, పొరపాటున నీ గ్రంథి మీద పడ్డది. ఇంకో పరీక్షల గది తేలింది."

దేవవ్వ తన మెడ తడుముకుంది. "అంటె, కొట్లాడెతందుకు నాకు నేనే దొరికిన్నా?"

డాక్టరమ్మ నవ్వాపుకోలేక, రోజూ పరగడుపున ఒక మాత్ర, బతికినన్నాళ్లూ వేసుకోవాలంది.

నెలలు గడిచే కొద్దీ గొంగడి ఒంటి మీద నుంచి దండెం మీదికి పోయింది. ఒక పొద్దున కుండలో నీళ్లు లేవని దేవవ్వ రాజనర్సు ఏడు తరాలనూ తిట్టిపోసింది. అతను పరుగున పోయి ఆ శుభవార్త వాడకట్టంతా చెప్పాడు. బాగైపోయాను కదా అని ఆమె మధ్యలో మాత్రలు మానింది. మళ్లీ కునుకుపాట్లు మొదలయ్యాయి. డాక్టరమ్మ చీవాట్లు పెట్టాక మరి మానలేదు.

కాని ఆమెకు కొత్త వ్యసనం పట్టుకుంది. ఎవరు ఆవులించినా మెడ పట్టి చూసేది. పొద్దెక్కే దాకా లేవని మరిది ముత్తన్నను నిజామాబాద్ దాకా ఈడ్చుకుపోయి నెత్తురు తీయించింది. అతని లెక్కలన్నీ సరిగ్గా ఉన్నాయి.

"మరి గీనె లేస్తలేడేంది?" అంది దేవవ్వ.

"గది నెత్తుట్ల దొరకదవ్వా," అంది డాక్టరమ్మ.