పండుగకు ముందే విప్పిన కవర్లు

బోజ్-జార్ ఊళ్లో బుబూసారా గొంతు విన్నవాళ్లు తక్కువ. ఆమె చేతిరాత లేని ఇల్లు మాత్రం ఒక్కటీ లేదు.

ముప్పై ఒక్క ఏళ్లుగా ఆమె ఊరి బడిలో లైబ్రరీ చూసుకుంటోంది. పెళ్లి చేసుకోలేదు. నోట్లో నాలుక లేని మనిషని చిన్నప్పుడే పేరు పడింది. నలుగురు కూర్చున్న చోట ఆమె గొంతు సవరించుకునేలోగా ఎవరో ఒకరు అందుకుని వేరే సంగతిలోకి వెళ్లిపోయేవారు. అందుకని చెప్పవలసినవన్నీ కార్డుల మీద చెప్పడం అలవాటు చేసుకుంది. ఎవరికైనా బిడ్డ పుడితే కార్డు. ఎవరైనా పోతే, ఓదార్పు మాట రెండు ముక్కల్లో రాసిన కార్డు. స్నేహితురాలితో మాటపట్టింపు వస్తే, తప్పు ఎవరిదైనా సరే, ముందుగా వెళ్లేది ఈమె కార్డే.

పాత ఫైళ్ల అట్టలు కత్తిరించి, ఉడికించిన గోధుమపిండి జిగురుతో వాటి మీద ఎండుపూలు అతికించేది. పూలు అణిచి ఎండబెట్టడానికి లైబ్రరీలో ఎవరూ తెరవని విజ్ఞాన సర్వస్వం ఇరవై తొమ్మిది సంపుటాలు ఉన్నాయి. "పాపం, ఆ పుస్తకాలు చదివింది పూలు మాత్రమే" అని టీచర్లు నవ్వుకునేవారు. కార్డు వెనక మూలన, చీమల బారులాంటి అక్షరాలతో, ఆ పువ్వు ఏ రోజున ఎక్కడ కోసిందో రాసేది.

ఏ రోజు కార్డు ఆ రోజే విప్పాలి. రోజు రాకముందే శుభం పలికితే శుభం బెదిరి పారిపోతుందని, ఖాళీ అయిన చోటికి కీడు వచ్చి కూర్చుంటుందని ఆ ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. అందుకే బుబూసారా కవరు మూతిని జిగురుతో అతికించి, పైన ఎర్రసిరాతో తేదీ వేసేది. మార్చి ఇరవై ఒకటిన వచ్చే నూరూజ్ పండుగ కార్డులు వారం ముందే ఇంటింటికీ నడిచి ఇచ్చి వచ్చేది. పండుగ పొద్దున ఇల్లంతా అర్చా చెట్టు కొమ్మల పొగ తిప్పాక గాని ఎవరూ వాటిని ముట్టుకునేవారు కాదు. అంతవరకూ కవరు అద్దం ముందో, టీ పింగాణీ అరలోనో నిలబడి ఎదురుచూసేది.

ఆ ఏడు ఫిబ్రవరి చివర బుబూసారా పూల కోసం ఊరి వెనక పసుపుమట్టి కొండ ఎక్కింది. మంచు కరగగానే తల ఎత్తే తెల్లపూలు, బైచెచెకెయ్‌లు, ఎప్పుడూ అక్రోటు చెట్ల కింద గుంపులు గుంపులుగా ఉండేవి. ఈసారి చెట్ల కింద ఒక్కటీ లేదు. వాలు మధ్యలో, ఈ చివర నుంచి ఆ చివర దాకా, ఎవరో దారం పట్టి నాటినట్టు ఒకే గీతగా పూశాయి. ఆ గీత వెంట మంచు లేదు. వేళ్లతో సహా తీద్దామని చాకు గుచ్చితే పిడి దాకా దిగిపోయింది. వంగి చూసింది. లోపలి నుంచి వెచ్చగా, తడిగా, తెరిచిన నేలమాళిగ వాసన ముఖానికి కొట్టింది.

పది రోజులు వాన పడ్డాక మళ్లీ వెళ్లింది. పూలగీత రెండయింది. సగం పూలు పైగట్టున ఉన్నాయి, సగం కిందిగట్టున. తెగిన వేళ్లు మధ్యలో గాలికి ఊగుతున్నాయి. కిందిగట్టు జానెడు దిగింది. ఆ గట్టుకు సరిగ్గా కింద, కొండ పాదాన, తొమ్మిది ఇళ్లు. మధ్యాహ్నం టీ వేళ కావడంతో అన్ని పొగగొట్టాల్లోంచీ పొగ వస్తోంది.

మర్నాడు ఆమె పంచాయతీ గదికి వెళ్లింది. ఊరిపెద్ద టొప్చుబెక్‌ది కూడా ఆ తొమ్మిదింటిలో ఒక ఇల్లు. అన్నింటికంటే చివరిది, కాలువకు అవతలది. గదిలో ఇంకో ముగ్గురు మగవాళ్లు పొయ్యి దగ్గర చేతులు కాచుకుంటున్నారు.

"కొండ చీలింది, తమ్ముడూ" అంది బుబూసారా.

"మార్చిలో చీలని కొండ ఎక్కడుందక్కా? మా అమ్మ మడమలు చూడు, ఇంతకంటే పెద్దవి ఉంటాయి."

ముగ్గురూ పగలబడి నవ్వారు.

"చెయ్యి దూరుతోంది."

"దూరుతుందని పెట్టకు మరి. పూలకి వెళ్లినదానివి పూలు తెచ్చుకోవాలి గాని పగుళ్లు మోసుకొస్తావేంటి?" టొప్చుబెక్ కొంచెం మెత్తబడ్డాడు. "పోయినేడు జిల్లా నుంచి మనిషొచ్చి, కొండ కదిలితే తెలియడానికి గుర్తు కొయ్య పాతాడు కదా. అది పడిపోయిందా?"

"లేదు. కాని..."

"పడలేదు కదా! అది నిలబడ్డంత కాలం మనకేం భయం లేదు. వెళ్లి కార్డులు చేసుకో అక్కా, పండుగ దగ్గరపడుతోంది."

కొయ్య నిలబడే ఉంది. అయితే జారిన సగంలో నిలబడి ఉంది, కొండతో పాటే కిందికి వస్తోంది. బుబూసారా చెప్పబోయిన మాట అది. అప్పటికే వాళ్లు గొర్రెల ఈతల గురించి మాట్లాడుకుంటున్నారు.

ఇంటికి వచ్చి ఆమె తొమ్మిది కార్డులు చేసింది. ప్రతి దాని మీదా పగులు అంచున దొరికిన పువ్వునే, తెగిన వేరు కనపడేట్టు అతికించింది. లోపల పెద్ద అక్షరాలతో రాసింది: "కొండ రెండుగా చీలింది. జారుతోంది. ఇళ్లల్లో ఉండకండి. పండుగ బడిలో చేసుకుందాం, పిల్లల్ని తీసుకుని ఇప్పుడే వచ్చెయ్యండి." ఏ మాట పెడితే నవ్వరు, ఏ మాట పెడితే నమ్ముతారు అని రెండు రోజులు ఒక్క ఆ నాలుగు వాక్యాలే తిప్పి తిప్పి రాసింది. ఆ ధ్యాసలో మిగతావన్నీ చేతులే చేసుకుపోయాయి. చేతులు కవర్లు మడిచాయి, మూతికి జిగురు పూశాయి, ఎర్రసిరాతో మార్చి ఇరవై ఒకటి అని వేశాయి.

పద్నాలుగో తేదీన వానలోనే తొమ్మిది గడపలూ ఎక్కి దిగింది. టొప్చుబెక్ తల్లి షార్‌కన్ ముసలమ్మ కవరును కళ్లకద్దుకుంది. బుబూసారా ఇంటికి వచ్చి, చాలా రోజుల తర్వాత కడుపునిండా తింది. చెప్పాల్సింది చెప్పేశాను, ఇక వస్తారు అనుకుంది.

ఎవరూ రాలేదు.

ఒక రోజు, రెండు రోజులు, మూడు రోజులు. వాన ఆగలేదు. కిటికీ దగ్గర నిలబడితే ఆ ఇళ్ల వాళ్లు రొట్టెలు కాలుస్తూ, తివాచీలు దులుపుతూ కనిపించారు. వీధిలో ఎదురైతే చేతులూపారు. "ఈసారి కార్డు బరువుగా ఉందక్కా, పూలు ఎక్కువ పెట్టినట్టున్నావ్!" అన్నాడు టొప్చుబెక్ గుర్రం మీద వెళ్తూ. ఆమె ముఖం మాడిపోయింది. చదివి కూడా నవ్వుతున్నారన్నమాట. ముప్పై ఒక్క ఏళ్లు తను రాసినవన్నీ ఇలాగే చదివారా?

పద్దెనిమిదో తేదీ మధ్యాహ్నం ఉండబట్టలేక కనిషాయ్ ఇంటికి వెళ్లింది. కనిషాయ్ చిన్ననాటి స్నేహితురాలు, కొండ కిందే రెండో ఇల్లు. నోరు తెరిస్తే వాగు దాటి వినిపిస్తుంది. నేల మీద కూర్చుని, పండుగ పాయసం సుమొలొక్ కోసం మొలకెత్తిన గోధుమలు పళ్లెంలో కెలుకుతోంది.

"రావే, రా! నాలుగు రోజులైంది నీ మొహం చూసి. ఈ మొలకలు చూడు, నా మనవరాలి పళ్లలా ఎంత ముద్దుగా వచ్చాయో. ఏంటలా ఉన్నావ్? ఎవరు పోయారు?"

బుబూసారా కనిషాయ్ తల మీదుగా గోడ వైపు చూస్తోంది. అద్దం ముందు కవరు నిలబడి ఉంది. మూతి విప్పలేదు. ఎర్రటి తేదీ పైకి కనిపిస్తోంది.

తొమ్మిది ఇళ్లలోనూ, తొమ్మిది అద్దాల ముందూ, తొమ్మిది కవర్లు.

గబగబా వెళ్లి ఆమె దాన్ని తీసింది. కనిషాయ్ చూస్తుండగానే చింపింది.

"అయ్యో, అయ్యో! ఏం చేస్తున్నావే!" కనిషాయ్ పళ్లెం వదిలేసి లేచింది. "ఇంకా మూడు రోజులుంది! పిల్లలున్న ఇల్లు, నీకేమైనా పిచ్చా? మూసెయ్, మూసెయ్!"

"చదువు."

"చదవను! కళ్లు మూసుకుంటా!"

"కనిషాయ్, చదువు!"

ఆ గొంతు అంత గట్టిగా ఉండగలదని కనిషాయ్‌కి యాభై ఏళ్లలో తెలియదు. చదివింది. రెండోసారి చదివింది. కార్డు మీద పువ్వును, వేలాడుతున్న దాని వేరును వేలితో తాకింది.

"ఇది నాలుగు రోజుల నుంచి నా ఇంట్లో ఉందా?" అంది చివరికి. "నోటితో చెప్పి చావచ్చు కదే!"

"చెప్పాను. టొప్చుబెక్‌కి చెప్పాను."

"వాడికా? వాడికి చెప్పేకంటే గాడిదకి చెప్తే తలైనా ఊపేది." కనిషాయ్ అప్పటికే మనవరాలికి చెప్పులు తొడుగుతోంది.

ఇద్దరూ ఇంటింటికీ వెళ్లారు. కనిషాయ్ అరిచేది, బుబూసారా కవరు చింపి కార్డు చేతిలో పెట్టేది. ఆడవాళ్లు చెంపలు వాయించుకున్నారు. ఒకావిడ రొట్టెముక్క పిల్లల తలల చుట్టూ తిప్పి కుక్కకు పడేసింది. కొండ చీలిందన్న మాటకన్నా, పండుగ కవరు ముందే చిరిగిందన్న సంగతికే ఎక్కువ వణికారు. ఏదైతేనేం, పరుపులు చుట్టారు, గొర్రెల్ని తోలారు.

తొమ్మిదో ఇంటి గుమ్మంలో టొప్చుబెక్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ఊరిని ఖాళీ చేయించడానికి నువ్వెవరక్కా?"

లోపలి నుంచి షార్‌కన్ ముసలమ్మ వచ్చింది. ఒడిలో కవరు, చేతిలో ఆవు పలుపు. "నిన్నటి నుంచి ఆవు కొట్టంలోకి అడుగు పెట్టనంటోందిరా. పద." బుబూసారా కవరు కోసం చెయ్యి చాచింది. ముసలమ్మ దాన్ని గుండెలకు అదుముకుంది. "వద్దమ్మా. నేను వస్తున్నా, కాని నాది విప్పను. దాని రోజున విప్పుకుంటా."

నలభై ఆరుమంది బడిలో, ఆటల గదిలో పడుకున్నారు. పంతొమ్మిదిన వాన తగ్గింది. ఇరవైన ఎండ వచ్చింది. పిల్లలు గుంటల్లో నీళ్లు చిమ్ముకుంటూ ఆడుకున్నారు, మగవాళ్లు గోడకు ఆనుకుని కొండ వైపు చూసి ఆవలించారు. ఇరవై ఒకటి పొద్దున బడి పెరట్లో పెద్ద కళాయిలో సుమొలొక్ ఉడికింది. రాత్రంతా కలిపిన ఆడవాళ్లు కళ్లెర్రగా, విసుగ్గా ఉన్నారు.

"కొండ కూడా నీ మాట వినలేదక్కా" అన్నాడు టొప్చుబెక్ గిన్నె అందుకుంటూ. అందరూ నవ్వారు. కనిషాయ్ కూడా నవ్వింది. "తలా రెండు గరిటెలు తిని బయల్దేరండి. సొంతింట్లో టీ తాగుదాం."

బుబూసారా లేచి లైబ్రరీలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. కిటికీలోంచి కొండ మొత్తం కనిపిస్తోంది. ఎండలో పచ్చగా, ఏమీ ఎరగనట్టు. పెరట్లో పరుపులు చుడుతున్న చప్పుడు. ఈ సాయంత్రం నుంచి ఆ ఇళ్లలో తన పేరు చెప్పుకుని ఎంతకాలం నవ్వుతారో ఆమెకు తెలుసు. ఇంకోసారి పిలిస్తే ఎవరూ రారనీ తెలుసు. కిటికీ చువ్వ పట్టుకుని ఆమె కొండతో, పెదవులు కూడా కదపకుండా, ఒకే ఒక్క మాట అంది.

పడు.

ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలియక తనే ఉలిక్కిపడింది. కాదు, కాదు అనుకుంది.

వీధి మొదట్లో పరుపులు మోస్తున్నవాళ్లు ఆగిపోయారు. అక్రోటు చెట్లు నడుస్తున్నాయి. నిటారుగా నిలబడే, ఒకదాని పక్కన ఒకటి, తొందర లేకుండా కొండ దిగుతున్నాయి. చప్పుడు ఆ తర్వాత వచ్చింది. ఆ తర్వాత పసుపు దుమ్ము లేచి ఎండను మూసేసింది.

దుమ్ము అణగడానికి గంట పట్టింది. ఎనిమిది ఇళ్లు లేవు. పైకప్పు కాదు, పొగగొట్టం కాదు, ఇల్లుండేదని చెప్పడానికి ఒక్క కొయ్యముక్క లేదు. మట్టి కాలువ దాకా వచ్చి ఆగింది. కాలువకు అవతల టొప్చుబెక్ ఇల్లు నిలబడి ఉంది. కిటికీ అద్దం కూడా పగల్లేదు.

మనుషులు నలభై ఆరుమందీ ఉన్నారు. ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టుకున్నారు. కనిషాయ్ బుబూసారాను కావలించుకుని గొంతు పోయేదాకా ఏడ్చింది. టొప్చుబెక్ టోపీ తీసి ఆమె ముందు నిలబడ్డాడు. కాసేపటికి మళ్లీ పెట్టుకున్నాడు.

షార్‌కన్ ముసలమ్మ మాత్రం ఒడిలోంచి కవరు తీసి అందరికీ చూపించింది. "నాది విప్పలేదు" అంది మెల్లగా. ఎవరినీ నిందించలేదు. ఉన్నమాట చెప్పినట్టు చెప్పింది. అందరూ ఆ కవరు వైపు చూశారు, నిలబడ్డ ఆ ఒక్క ఇంటి వైపు చూశారు, ఆ తర్వాత బుబూసారా చేతుల వైపు చూశారు. ఎనిమిది కవర్లు చింపిన చేతులు.

కాలువే అడ్డుకుందని, మట్టికి పల్లం అక్కడితో అయిపోయిందని ఆమె చెప్పగలదు. నోరు తెరవబోయింది. ఈసారి అందరూ ఆమె మాట కోసమే చూశారు. కిటికీ దగ్గర తను అన్న మాట ఒక్కటే నాలుక మీదికి వచ్చింది. ఆమె నోరు మూసుకుంది.

ప్రభుత్వం బడి వెనక గుడారాలు వేయించింది. దారిలో ఎదురైతే జనం ఇప్పుడు బుబూసారాకు ముందుగా సలాం చెబుతున్నారు, పిల్లల్ని కొంగు వెనక్కి లాక్కుంటున్నారు. "అక్కా, ఈ ఎండాకాలం ఎలా ఉంటుంది?" అని టొప్చుబెక్ అడుగుతున్నాడు, హాస్యం కాదు. ఆమె రాసిన క్షమాపణలూ, అభినందనలూ ఎనిమిది ఇళ్లతో పాటు మట్టి కింద ఉన్నాయి. కొత్తవి చెయ్యమని ఎవరూ అడగలేదు.

ఏప్రిల్ చివర కనిషాయ్ మనవరాలి పుట్టినరోజు. బుబూసారా నేరేడు రంగు అట్ట మీద వాగు ఒడ్డున దొరికిన పచ్చటి చిన్నపూలు అతికించి, కవరు మీద తేదీ వేసి, ఐదు రోజుల ముందే తీసుకెళ్లింది. కనిషాయ్ గుడారం బయటికి వచ్చి రెండు చేతులా అందుకుంది.

"ఎందుకే శ్రమ. టీ తాగి వెళ్లు, కూర్చో" అంది. గొంతు ఇంకా పూర్తిగా రాలేదు.

కవరు లోపలికి తీసుకెళ్లలేదు. గుడారం వారన, పిల్లలు తిరగని వైపు, గడ్డి మీద దాన్ని పెట్టి, ఎగిరిపోకుండా పైన ఒక రాయి ఉంచింది. తర్వాత చేతులు కడుక్కుని టీ పోసింది.