ఎద్దును ఏరినట్టు ఏరిన బ్యాటరీ

బ్యాటరీ కొనడానికి వెళ్లినవాడు చివరికి నెత్తిన పేడనీళ్లతో ఇంటికి చేరడం ఎలా సాధ్యమని మీరు అడగవచ్చు. సాధ్యమే. బోలెడంత గర్వమూ, దానికి ఏమాత్రం సరిపోని బుర్రా ఉంటే చాలు. కొత్తగా మీసం వచ్చిన రోజుల్లో నా దగ్గర ఆ రెండూ ఉండేవి. ఆ కుర్రాడు ఇప్పుడు ఎదురుపడితే నేను పలకరించను, పక్కసందులోంచి పోతాను.

మా పెంటయ్య మావకి డొంకరాయి రిజర్వాయర్లో చేపలు పట్టే ఇంజన్ పడవ ఉంది. మీట నొక్కితే స్టార్టయ్యే డీజిల్ ఇంజన్. సరిగ్గా ఇటుకల పండగ ముందు దాని బ్యాటరీ చచ్చింది. చైత్రంలో వచ్చే ఆ పండగకి మావైపు మగవాళ్లు వేటకి వెళ్తారు. ఉత్త చేతులతో తిరిగొస్తే ఊరి ఆడవాళ్లు దారి కాసి, తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టి, పేడనీళ్లు కుమ్మరిస్తారు. నీటి ఒడ్డున బతికే మాకు చేపలే వేట. పడవ కొన్నాక మావ ఏ పండగకీ ఉత్త చేతులతో రాలేదు. ఆ మాట చెప్పుకునే ఆయన ఊళ్లో తలెత్తుకు తిరిగేవాడు.

మంచి బ్యాటరీ తెస్తే ఇకనుంచి పడవ నన్నే నడపనిస్తానన్నాడు మావ. నాకు అంతకన్నా పెద్ద కోరిక లేదు. ఒక్కటే షరతు పెట్టాడు.

“పాతది కూడా అట్టుకెళ్లు. ఇలాటిదే ఇమ్మని సెప్పు. నీ తెలివి వాడకు.”

ఆ చివరి మాట నాకు గుచ్చుకుంది. పాతది బరువని పాకలోనే వదిలేసి, నా తెలివి మాత్రం మోసుకుని రాజవొమ్మంగి బస్సెక్కాను. అదైతే బరువుండదు కదా.

ఇంతకీ ఆ తెలివి ఎక్కడిదంటే, మా తాతది. సంతలో ఎద్దును ఏరాలంటే చుట్టుపక్కల అందరూ ఆయన్నే తీసుకెళ్లేవారు. ఎగిరెగిరి పడేదాన్ని కొనకురా, పొద్దున్నే ఊపు చూపించి మధ్యాహ్నానికి కూలబడుతుంది, నెమ్మదిగా సాయంత్రం దాకా ఒకేలా నడిచేదే ఎద్దు అనేవాడు. మా తాత ఎద్దులు కొన్నాడు, నా చేతులు వాసన చూడండి అన్నట్టు నేను షాపులోకి నడిచాను.

షాపతను రెండు బ్యాటరీలు ముందు పెట్టాడు. “ఇది ఇంజన్లకి బాబూ. ఒక్క తన్ను గట్టిగా తన్ని ఊరుకుంటాది. అది సోలార్ లైట్లకి. నెమ్మదిగా రాత్రంతా ఇస్తాది. మీకు దేనికి?”

పడవ ఇంజన్‌కి అని ఒక్క మాట అంటే ఈ కథే లేదు. నేను మాత్రం రెండింటి చుట్టూ తిరిగాను. వీపులు తట్టాను. తోకలుంటే మెలిపెట్టి చూసేవాణ్నే.

“ఒక్క తన్నుకే ఆగిపోయేది మాకొద్దు. ఆ నెమ్మదైనది ఇవ్వు.”

“పనేటో సెప్పండి బాబూ.”

“పని మాకు తెలుసు.”

తెలిసింది బూడిద. ఇంజన్‌ను లేపడానికి కావలసిందే ఆ ఒక్క తన్ను. ఆ సంగతి ఇప్పుడు మా పెరట్లో కోళ్లక్కూడా తెలుసు.

పండగ పొద్దున మీట నొక్కితే ఇంజన్ మూలిగింది, దగ్గింది, ఎలాగో అంటుకుంది. ఏటిరా ఇది, జొరమొచ్చినట్టుంది అన్నాడు మావ. కొత్త కాపురం కదా, మొహమాటమని సర్దిచెప్పాను. పైగా ఆ బ్యాటరీకే పాటల పెట్టె తగిలించాను. ఇంజన్‌ను చేత్తో తిప్పే హ్యాండిల్ కాళ్లకి అడ్డం పడుతుంటే, కొత్త బ్యాటరీ ఉండగా ఈ ముసలి ఇనుమెందుకని మావ చూడకుండా ఒడ్డున పడేశాను.

ముందురోజు సాయంత్రమే వేసిన వలలు అవతలి వంపులో ఉన్నాయి. పండగనాడు నడినీట ఇంజన్ ఆపి, గంగమ్మకి కొబ్బరికాయ కొట్టాకే వల ముట్టాలి. ఆపాం. కొట్టాం. మావ దండం పెట్టుకుని కానియ్యమన్నాడు. మీట నొక్కాను. ఇంజన్ చిన్నగా మూలిగింది. మళ్లీ నొక్కితే అదీ మూలగలేదు. అసలు బ్యాటరీలో ప్రాణముందా అని పాటల పెట్టె పెట్టి చూస్తే రిజర్వాయరంతా మారుమోగింది.

“చార్జింగ్ ఉంది మావా, పాటొస్తోంది.”

“పాటెక్కి ఇంటికెళ్తావేటి? హ్యాండిల్ ఇలాగియ్యి.”

నేను ఒడ్డు వైపు చూశాను. మావ కూడా చూశాడు.

పడవలో ఉన్నది ఒకటే తెడ్డు. అది ఆయన పట్టాడు, నేను చేపల డబ్బా మూతతో నీళ్లు తోశాను. ఎదురుగాలికి వలల వైపు వెళ్లలేక ఇంటి దారి పట్టాం. మావ తిడితే బాగుండేది. తిట్టలేదు. ఇన్నేళ్లు కాపాడుకున్న పరువు నావల్ల పోతోందని నాకు ఏడుపొచ్చింది. తెడ్డు వేస్తూనే, షాపులో ఏం జరిగిందని అడిగాడు. తాతతో సహా అంతా చెప్పాను.

“మీ తాత ఎద్దుని సూసేముందు ఏటి అడిగేవోడు?”

“దున్నడానికా, బండికా అని.”

“మరి?”

నేను డబ్బా మూతతో ఇంకా గట్టిగా నీళ్లు తోశాను.

ఒడ్డున నూకాలత్త, అంటే మావ పెళ్లామే, పేడనీళ్ల బకెట్టుతో అందరికన్నా ముందు నిలబడింది. పండగనాడు మొగుడని చూడరు మావాళ్లు. “ఏట ఏది? ఏటి పట్టుకొచ్చినావు? సూపించు,” అంది.

మావ పడవ దిగి, బ్యాటరీ భుజాన పెట్టుకున్న నన్ను మెడ పట్టి ముందుకి తోశాడు.

“ఎద్దుని తోలుకొచ్చినాను. నెమ్మదైనదే.”

అత్త నా చుట్టూ తిరిగింది. వీపు తట్టింది. గడ్డం పట్టి నోరు తెరిపించి పళ్లు చూసింది. “బాగానే ఉంది, కడిగితే తెల్లబడతాది,” అంటూ బకెట్టు మొత్తం నా నెత్తిన కుమ్మరించింది. మావ మీద ఒక్క చుక్క పడలేదు. పడదు మరి, ఆయన ఉత్త చేతులతో రాలేదు కదా.

ఆ బ్యాటరీ ఆ తర్వాత అత్త ఇంట్లో రాత్రంతా లైటు వెలిగిస్తూ చాన్నాళ్లు సుఖంగా బతికింది, దాని పని దానికి దొరికింది. నాకు మాత్రం పడవ దొరకడానికి చాలా పండగలు పట్టింది. అందుకే గంగమ్మ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక బ్యాటరీ కొనాల్సి వస్తే పాతదాన్ని భుజాన మోసుకెళ్లి, పనేమిటో ముందు చెప్పి, నోరు మూసుకుని నిలబడతాను. తప్పితే నన్ను ఏ కాడికైనా కట్టుకోండి. పళ్లు ఎలాగూ చూసేశారు.