కత్తి బండి ఆగే చోటు

నారాయణఖేడ్‌లో కుతుబుద్దీన్ సేటు దగ్గర పుష్పమ్మ పనికి చేరినప్పుడు కారంపొడి పొట్లాలు కొవ్వొత్తి మంట మీద అతికించేవాళ్లు. ప్లాస్టిక్ సంచి మూతిని రంపం బ్లేడు మీదుగా మడిచి మంటకు చూపితే కరిగి అంటుకునేది. పక్కన కూర్చుని తూకం వేసే రుక్కమ్మ వయసులో పెద్దది, కల్హేర్ నుంచి కోడలిగా వచ్చింది. ఆ కారం ఘాటుకు బయటివాళ్లు గడప దాటేవాళ్లు కాదు గానీ, వీళ్లిద్దరికీ తుమ్ములు ఎప్పుడో ఆగిపోయాయి.

తొంభై ఏడులో సేటు పటాన్‌చెరు వైపు మూతబడ్డ ఒక కంపెనీ నుంచి పాత ప్యాకింగ్ మిషన్ కొని తెచ్చాడు. దాన్ని బిగించడానికి కాలేబు అనే మెకానిక్ వచ్చాడు. అందులో రెండు మోటార్లు. ఒకటి ప్లాస్టిక్ రోలును కిందికి లాగుతుంది. రెండోది పొట్లాన్ని కోసే కత్తి బండిని ముందుకూ వెనక్కూ నడుపుతుంది. ఒక్కో మోటారుకు దాన్ని నడిపించే డ్రైవర్ పెట్టె ఒక్కోటి. ఒకటి, రెండు అని నంబర్లున్న ఆ పెట్టెలు ఒకే కేబులు మీద ఉంటాయి. కంట్రోలు డబ్బా ఏ నంబరును పిలిస్తే ఆ మోటారే కదులుతుంది.

"కరెంటు పోయొస్తే తానెక్కడున్నదో మోటారుకు తెల్వదక్కా," అని కాలేబు పుష్పమ్మకు చెప్పాడు. "గందుకే ముందుగాల హోమ్ ఎతుక్కుంటది. మెల్లగ పోయి ముంగటి కొసకున్న స్విచ్చును తాకుతది. ఇగ అదే దానికి సున్నా. ఆడికెళ్లి లెక్కవెట్టుకుంట నడుస్తది."

మిషన్ నడపడం పుష్పమ్మ నేర్చుకుంది. మిషన్ ముందున్న కిటికీలోంచి పొట్లాలు తీసే పని రుక్కమ్మకు ఇచ్చారు.

ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. లోపల చిరిగిన ప్లాస్టిక్ ఇరుక్కుని ఉంటే రుక్కమ్మ కిటికీలో చెయ్యి పెట్టి లాగుతోంది. అంతలో కరెంటు వచ్చింది. ఎవరూ బటన్ ముట్టలేదు. హోమ్ వెతుక్కుంటూ కత్తి బండి తనంతట తానే ముందుకు కదిలింది. కత్తి తగల్లేదు గానీ, బండికీ ఇనుప చట్రానికీ మధ్య రుక్కమ్మ కుడి చూపుడువేలు నలిగింది. పుష్పమ్మ మెయిన్ స్విచ్చు దించి, బండిని చేత్తో వెనక్కి నెట్టి వేలు బయటికి తీసింది. సేటు రుక్కమ్మను దవాఖానకు తీసుకుపోయాడు. ఎముక విరగలేదు. గోరు తీసేసి కట్టు కట్టారు.

మర్నాడు పుష్పమ్మ పనికి వచ్చింది కానీ మిషన్ ముందు కూర్చోలేదు.

"కొవ్వొత్తి మీదనే కడ్త సేటు. దాని ముంగట నేను కూసోను."

సేటు వాదించలేదు. కాలేబుకు ఫోన్ చేయించాడు.

కాలేబు వచ్చి కంట్రోలు డబ్బాలో ఒక్కో సెట్టింగే చూస్తూ పోయాడు. కరెంటు రాగానే హోమ్‌కు పొమ్మనే ఆర్డరు అందులో ముందునుంచే ఉంది.

"పాత కంపెనీల ఎట్లుండెనో గట్లనే ఇడిసిపెట్టిన," అన్నాడు. "నేను సూడాల్సింది. తప్పు నాదే. ఇప్పుడు తీసేసిన. ఇగ నువ్వు బటన్ ఒత్తితెనే కదుల్తది."

"నేను ఒత్తినప్పుడు ఎవరన్న చెయ్యి వెట్టుంటె?"

పుష్పమ్మ వంగి లోపలికి చూసింది.

"అది ఇటే ఎందుకు రావాలె? చేతులు వెట్టేది ఇటే గద. ఎన్కకు పోయి ఆగితె కాదా?"

కాలేబు బండిని చేత్తో వెనక్కి నెట్టి చూశాడు. "అయితది. పొద్దంత పడ్తది, గని అయితది."

స్విచ్చు ఊడదీసి, వెనుక చట్రానికి కొత్తగా బొక్కలు వేసి అక్కడ బిగించాడు. రెండో నంబరు మోటారు హోమ్ వెతికే దిక్కు మార్చి, వేగం తగ్గించాడు. పుష్పమ్మ బటన్ నొక్కింది. బండి నెమ్మదిగా వెనక్కి పోయి స్విచ్చును తాకి, కొద్దిగా ఎడంగా వచ్చి ఆగింది. సున్నా చోటు మారింది కాబట్టి అక్కడి నుంచి ప్లాస్టిక్ దాకా దూరం మళ్లీ కొలవాల్సి వచ్చింది. మొదటి పొట్లం పూర్తిగా తెగక మూల వేలాడింది. కాలేబు దూరం కొంచెం పెంచాడు. తర్వాతి పొట్లం తెగి కింద పడింది.

ఆ లెక్కలన్నీ డ్రైవర్ పెట్టెలో దాచి, మెయిన్ దించి, మళ్లీ ఎత్తాడు. బండి కదల్లేదు. పుష్పమ్మ అప్పుడు బటన్ నొక్కింది. బండి వెనక్కే పోయింది. నమ్మకం కుదిరేదాకా ఆమె మెయిన్‌ను అలాగే మళ్లీ మళ్లీ దింపించి ఎత్తించింది. అయినా సేటు చేత కిటికీకి ఇనుప తీగల జాలీ తలుపు పెట్టించింది. అది తెరిస్తే మోటార్లకు కరెంటు అందదు.

రుక్కమ్మ వేలికి గోరు వంకరగా మొలిచింది. తిరిగి వచ్చాక ఆమె తూకం దగ్గరే కూర్చుంది. మిషన్ వైపు వెళ్లమని ఎవరూ అనలేదు.

చలికాలంలో మనూర్‌లో పుష్పమ్మ చెల్లెలి పెళ్లి వచ్చింది. తను లేనప్పుడు ఎట్లా అని సేటుతో మాట్లాడుతుంటే రుక్కమ్మ తలెత్తింది.

"నువ్వు పో పుష్పా. నేను నడుపుత."

"భయం లేదా అక్కా?"

"ఎందుకు లేదు? ఉన్నది. గందుకే మంచిగ చూపియ్యి."

పుష్పమ్మ చూపించింది. రుక్కమ్మ జాలీ తలుపు మూసి, తానే గుంజి చూసి, ఎడమ చేత్తో బటన్ నొక్కింది. బండి ఆగేదాకా కళ్లు తిప్పలేదు.

పెళ్లి ముగించుకుని పుష్పమ్మ తిరిగి వచ్చేసరికి మిషన్ నడుస్తోంది. ఆమె దగ్గరికి పోయి నిలబడినా రుక్కమ్మ స్టూలు మీద నుంచి లేవలేదు.

"ఈ రోలు అయిపోయేదాక నేనే ఉంట," అంది. "నువ్వు పోయి తూకమెయ్యి."

పుష్పమ్మ పెళ్లికి కట్టుకున్న చీర కొంగు నడుముకు దోపి, తరాజు ముందు కూర్చుంది.